పెరటి షెడ్డుకు కరెంటు: మీరు అడిగినవి, మేం చెప్పేవి

పెరట్లో షెడ్డు వేసుకుని అందులో చెక్కపనో, రిపేర్లో చేసుకునేవారి నుంచి వచ్చిన ప్రశ్నలివి. ఒకే తీరుగా ఉన్నవాటిని కలిపేశాం. లెక్కలన్నీ 230 వోల్టుల సింగిల్ ఫేజు సరఫరాకు వేసినవి.

ప్రశ్న: ఇంటి మెయిన్ బోర్డు నుంచి షెడ్డు 40 మీటర్ల దూరం. 2 హెచ్‌పీ ఎయిర్ కంప్రెసర్, 1500 వాట్ల రంపం మిషను, గ్రైండరు, డ్రిల్లు, నాలుగు ఎల్‌ఈడీ లైట్లు, ఒక ఫ్యాను ఉంటాయి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు చాలని ఒకరు, 6 కావాలని ఇంకొకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: 6 అన్నవారి మాట వినండి. ఎందుకో లెక్కతో చూద్దాం.

షెడ్డులో పనిచేసేది ఒక్కరే కాబట్టి చేతి మిషన్లు ఒకసారి ఒకటే నడుస్తుంది. కంప్రెసర్ సంగతి వేరు. ట్యాంకులో గాలి తగ్గగానే అది తనంతట తాను ఆన్ అవుతుంది, ఆ సమయానికి మీరు రంపం మీద ఉండొచ్చు. అందుకే ఆ రెండింటినీ కలిపే లెక్కేయాలి. 2 హెచ్‌పీ అంటే మోటారు ఇరుసు దగ్గర వచ్చే శక్తి దాదాపు 1500 వాట్లు. మోటారులో పోయే నష్టం, పవర్ ఫ్యాక్టర్ కలుపుకుంటే అది లాగే కరెంటు 11 ఆంపియర్ల దాకా ఉంటుంది. రంపం 7, లైట్లు, ఫ్యాను కలిపి 1 వేసుకుంటే మొత్తం 19. దాన్ని 20 అనుకుందాం.

20 ఆంపియర్లకు 2.5 వైరు వెంటనే కాలిపోదు. ఆ మాట పట్టుకునే చాలామంది అదే వేసేస్తారు. తేడా వచ్చేది దూరం దగ్గర. కరెంటు 40 మీటర్లు వెళ్లి, న్యూట్రల్‌లో మళ్లీ 40 మీటర్లు తిరిగి రావాలి. పనిలో వేడెక్కిన రాగికి మీటరు పొడవుకు, ఒక చదరపు మిల్లీమీటరు మందానికి 0.0225 ఓమ్ నిరోధం వేసుకుంటారు. 80 మీటర్లను 20 ఆంపియర్లతో, 0.0225తో గుణిస్తే 36. దాన్ని వైరు సైజుతో భాగిస్తే దారిలో పోయే వోల్టులు వస్తాయి. 2.5కు 14.4, 4కు 9, 6కు 6, 10కి 3.6 వోల్టులు. లైట్లకు 3 శాతం, మిగతావాటికి 5 శాతం, అంటే వరుసగా 7, 11.5 వోల్టులు దాటకుండా చూసుకోవాలన్నది వాడుకలో ఉన్న కొలత. 6 రెండింటికీ సరిపోతుంది, 4 మిషన్లకు మాత్రమే సరిపోతుంది, 2.5 దేనికీ సరిపోదు.

అసలు పరీక్ష మోటారు స్టార్టయ్యే క్షణంలో. అప్పుడు కంప్రెసర్ మామూలుకు అయిదారు రెట్లు లాగుతుంది. మొత్తం 60 ఆంపియర్లు అనుకుంటే 2.5 వైరులో 43 వోల్టులు, 6లో 18 వోల్టులు పోతాయి. మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 బదులు 187 వోల్టులు అందితే స్టార్టింగు బలంలో మూడోవంతు పోయినట్టే. గాలి నిండిన ట్యాంకు మీద ఆ మోటారు తిరగలేక అక్కడే గుంయ్‌మంటూ నిలబడిపోతుంది, నిలబడినంతసేపూ ఆ పెద్ద కరెంటునే లాగుతూ వేడెక్కుతుంది.

మీరు కొనాల్సింది 6 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్ల రాగి ఆర్మర్డ్ (పైన ఇనుప తీగల తొడుగున్న) కేబుల్. ఫేజుకు ఒకటి, న్యూట్రల్‌కు ఒకటి, ఎర్త్‌కు ఒకటి. పొడవు 40 మీటర్లు సరిపోదు. రెండువైపులా నేలలోంచి బోర్డు దాకా ఎక్కాలి, చివర కొంత మడత మిగలాలి. 48 మీటర్లు ఒకే ముక్కగా తీసుకోండి. ఇంటి వైపు దీనికి విడిగా 32 ఆంపియర్ల సి కర్వ్ ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తాను తెగే స్విచ్చు; సి కర్వ్‌ది మోటారు స్టార్టింగు కరెంటును ఓర్చుకుంటుంది), ఫేజు, న్యూట్రల్ రెండూ తెగే డబుల్ పోల్‌ది పెట్టించండి. ఇంటి మీటరు, మెయిన్ స్విచ్చు ఈ అదనపు లోడు మోయగలవో లేదో ముందే చూసుకోవాలి. వెల్డింగ్ మిషను కూడా పెట్టే ఆలోచన ఉంటే ఈ లెక్క చెల్లదు. ఆ మిషను ప్లేటు మీద రాసి ఉన్న ఇన్‌పుట్ ఆంపియర్లతో మళ్లీ మొదటినుంచి వేయండి.

ప్రశ్న: రాగి బదులు అల్యూమినియం కేబుల్ వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. కానీ ఒక సైజు పెంచాలి. 6 రాగి చేసే పనికి 10 అల్యూమినియం కావాలి. చిక్కంతా చివర్లలో ఉంది. అల్యూమినియం మీద గాలి తగలగానే కరెంటును అడ్డుకునే పొర కడుతుంది. స్క్రూ కింద అది మెల్లగా అణిగిపోయి బిగువు వదులవుతుంది. రాగితో నేరుగా కలిస్తే, తడి తోడైతే, అల్యూమినియం తినేసుకుపోతుంది. కాబట్టి ఆక్సైడు పోయేలా రుద్ది, జాయింటింగ్ పేస్టు పూసి, అల్యూమినియం రాగి రెండూ ఉన్న బైమెటల్ లగ్గును సరైన క్రింపింగ్ టూల్‌తో నొక్కాలి. అంత ఓపికతో చేసే మనిషి దొరక్కపోతే రాగే మేలు.

ప్రశ్న: షెడ్డు దగ్గర ఎర్త్ రాడ్ పాతించాను. ఇక ఇంటి నుంచి ఫేజు, న్యూట్రల్ రెండే తెచ్చుకుంటే చాలు కదా? షెడ్డు బోర్డులో న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలిపితే ఇంకా మంచిదని కూడా ఎవరో చెప్పారు.

జవాబు: ఈ రెండూ చేయకండి. మాకొచ్చిన ఉత్తరాల్లో అన్నింటికన్నా ఎక్కువ భయపెట్టింది ఇదే. అందుకే కాస్త వివరంగా చెబుతాం.

రంపం మిషను లోపల ఫేజు వైరు ఊడి ఇనుప బాడీకి తగిలిందనుకోండి. ఎర్త్ చేయాల్సిన పని ఆ కరెంటును ఎక్కడో మట్టిలో కలిపేయడం కాదు. ఎంసీబీ వెంటనే పడిపోయేంత పెద్ద కరెంటు పారే దారి ఇవ్వడం. మీ రాడ్, మట్టి, అవతల ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్త్ అన్నీ కలిపి 20 ఓమ్‌లు ఉన్నాయనుకుందాం. మట్టికి అది మంచి అంకే. 230ని 20తో భాగిస్తే 11.5 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ అయినా దీనికి పడదు, 32 సంగతి చెప్పనే అక్కర్లేదు. అంటే రాడ్ ఉండి కూడా మిషను బాడీ మీద కరెంటు అలాగే నిలబడి ఉంటుంది. ముట్టుకునే చెయ్యి కోసం చూస్తున్నట్టే.

ఇప్పుడు ఇంటి నుంచి మూడో తీగగా 6 చదరపు మిల్లీమీటర్ల రాగి ఎర్త్ వచ్చిందనుకోండి. 40 మీటర్ల ఫేజు, 40 మీటర్ల ఎర్త్ కలిపి 0.3 ఓమ్. సరఫరా వైపు ఇంకో 0.3 ఓమ్ వేసుకున్నా మొత్తం 0.6. కరెంటు 380 ఆంపియర్లు దాటుతుంది. సి కర్వ్ ఎంసీబీ తన రేటింగుకు పది రెట్ల దగ్గర తప్పనిసరిగా తక్షణం తెగాలి, అంటే 32 ఆంపియర్లదానికి 320. తెగుతుంది. రాడ్‌కూ తీగకూ ఉన్న తేడా ఇదే.

ఇంటికి సరఫరా వైపు నుంచే ఎర్త్ అందే చోట ఈ లెక్క నడుస్తుంది. ఇంటి ఎర్త్ కూడా కేవలం పెరట్లో పాతిన రాడ్డో, గొయ్యో అయితే షెడ్డు దాకా ఎంత మందం తీగ లాగినా ఎంసీబీ పడే కరెంటు రాదు. అక్కడ ప్రాణం కాపాడేది ఆర్‌సీసీబీ (లీకేజీ కరెంటును పసిగట్టి సరఫరా తెంచే స్విచ్చు) ఒక్కటే. అది 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే తెగుతుంది కాబట్టి 11.5 ఆంపియర్లు దానికి చాలా ఎక్కువ. మీ ఇల్లు ఏ తరహాదో ఎలక్ట్రీషియన్ చేత లూప్ ఇంపీడెన్స్ మీటరుతో (ఫేజు, ఎర్త్ దారి మొత్తం నిరోధం చూపేది) కొలిపించి తెలుసుకోండి, ఊహించొద్దు. రెండు తరహాల్లోనూ షెడ్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాల్సిందే.

ఇక న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలపడం. షెడ్డు బోర్డులో అవి కలిస్తే, న్యూట్రల్‌లో తిరిగి రావాల్సిన కరెంటు కొంత ఎర్త్ తీగలోంచీ, కేబుల్ ఇనుప తొడుగులోంచీ నడుస్తుంది. ఆర్‌సీసీబీ చూసేది ఫేజులో వెళ్లినంతా న్యూట్రల్‌లో వచ్చిందా అని. రాకపోతే తెగుతుంది. ఇంటి వైపుది రోజూ ఊరికే పడిపోతుంటే విసిగి దాన్నే తీసేస్తారు. అక్కడితో ఆగదు. ఎప్పుడైనా షెడ్డు న్యూట్రల్‌ వదులైతే, ఎర్త్ దారి కూడా బాగా లేకపోతే, లైటు వేసిన మరుక్షణం ప్రతి మిషను బాడీ మీదకూ కరెంటు ఎక్కుతుంది. షెడ్డు బాక్సులో న్యూట్రల్ లింకు, ఎర్త్ లింకు విడివిడిగా ఉండాలి. ఇంటి వైపు డబుల్ పోల్ ఎంసీబీ దించి, షెడ్డులో అన్ని ప్లగ్గులూ తీసేసి, ఆ రెండు లింకుల మధ్య మల్టీమీటరు పెట్టి చూడండి. బీప్ రాకూడదు.

పాతిన రాడ్‌ను ఏం చేయాలి? ఇంటి నుంచి వచ్చిన ఎర్త్ తీగకు తోడుగా కలపొచ్చా లేదా అన్నది ఇంటి ఎర్త్ తరహాను బట్టి ఉంటుంది. కొలిచిన ఎలక్ట్రీషియనే అది తేల్చాలి.

ప్రశ్న: కేబుల్ ఎంత లోతున పాతాలి? పీవీసీ పైపులో మామూలు వైర్లు లాగి పాతితే కుదరదా?

జవాబు: మామూలు ఇంటి వైర్లను నేలలో పైపులో నడపొద్దు. ఎంత బాగా అతికించిన పైపులోనైనా లోపలి తేమ చల్లబడి నీరు చేరుతుంది. ఆ వైర్ల పైపొర ఏళ్ల తరబడి నీళ్లలో నానడానికి చేసింది కాదు. గునపం దెబ్బకూ, ఎలుక పంటికీ పీవీసీ పైపు ఆగదు.

ఆర్మర్డ్ కేబుల్ 750 మిల్లీమీటర్ల లోతున ఉండేలా కాలువ తవ్వండి. కింద 75 మిల్లీమీటర్ల మెత్తని ఇసుక పరవాలి కాబట్టి తవ్వకం 825. వెడల్పు 300 చాలు. 40 మీటర్లకు పదిఘనపు మీటర్ల మట్టి తీయాల్సి వస్తుంది. ఒక మనిషి ఒక పూటలో చేసే పని కాదు, ముందే అనుకోండి. కేబుల్ మీద మళ్లీ 75 మిల్లీమీటర్ల ఇసుక. రెండు పొరలకూ కలిపి దాదాపు 1.8 ఘనపు మీటర్లు పడుతుంది. ఇసుక మీద వరుసగా ఇటుకలు పేర్చండి. 230 మిల్లీమీటర్ల పొడవున్నవైతే 175 దాకా కావాలి. సగం మట్టి పూడ్చాక హెచ్చరిక టేపు పరిచి, ఆపైన మిగతా మట్టి. రాళ్లున్న మట్టిని కేబుల్ దరిదాపుల్లో వేయొద్దు. మట్టి దిగినప్పుడు ఒక్క రాయి కొస చాలు తొడుగు చీల్చడానికి. నీళ్ల పైపు, గ్యాసు పైపులకు కనీసం 300 మిల్లీమీటర్ల ఎడం ఉంచండి.

మలుపుల దగ్గర కేబుల్‌ను చటుక్కున వంచకూడదు. వంపు వ్యాసార్థం కేబుల్ లావుకు 12 రెట్లు ఉండాలి. 17 మిల్లీమీటర్ల లావున్నదానికి 20 సెంటీమీటర్లు. నేల కింద ఎక్కడా జాయింటు వద్దు. కోసిన కేబుల్ కొసను గ్లాండు (కేబుల్‌ను బాక్సుకు పట్టి ఉంచే బిగింపు) బిగించేదాకా టోపీతోనో, టేపుతోనో మూసి ఉంచండి. తెరిచి వదిలేస్తే ఒక్క వానకే నీరు తీగల మధ్య లోపలికి పాకుతుంది, అది ఇక ఎండదు.

ఇనుప తొడుగును బాక్సుకు ఇత్తడి గ్లాండుతో బిగించాలి. తొడుగు తీగల్ని ఊరికే కత్తిరించి వదిలేసే పనివాళ్లున్నారు. అలా వదిలితే గునపం దిగినప్పుడు తొడుగుకు ఎర్త్ ఉండదు, దానికి కరెంటు పడితే ఎంసీబీ తెగదు. తీగలన్నీ గ్లాండు కోను మీద సమంగా పరుచుకుని బిగుసుకోవాలి. గ్లాండు ఎర్త్ ట్యాగ్ నుంచి బాక్సు ఎర్త్ లింకుకు తీగ వెళ్లాలి.

పూడ్చే ముందు మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరు) 500 వోల్టుల మీద కొలిపించండి. ఫేజు న్యూట్రల్‌ల మధ్య, ఒక్కోదానికీ ఎర్త్‌కూ మధ్య. కొత్త కేబుల్‌కు వందల మెగాఓమ్‌లు రావాలి. కాలువ తెరిచి ఉండగానే గోడ నుంచి ఎంత దూరంలో వెళ్లిందో టేపు పెట్టి ఫొటోలు తీసి దాచుకోండి. పదేళ్ల తర్వాత అక్కడ చెట్టు నాటేటప్పుడు పనికొస్తాయి.

ప్రశ్న: తవ్వడం కుదరదు. పైనుంచి లాగొచ్చా?

జవాబు: లాగొచ్చు. రెండు గోడల మధ్య జీఐ తీగ బిగించి, కేబుల్ బరువంతా దాని మీద పడేలా కట్టాలి. కేబుల్ తన బరువును తానే మోయకూడదు. ఎండకు పగలని నల్ల తొడుగున్న కేబులే వాడండి. గోడలోకి దూరే ముందు కిందికి ఒక వంపు వదిలితే వాననీరు అక్కడే కారిపోతుంది. కింద నుంచి వాహనాలు వెళ్లే చోటైతే ఈ పద్ధతి మానండి.

ప్రశ్న: షెడ్డు ఆర్‌సీసీబీ వాన పడ్డప్పుడల్లా ట్రిప్ అవుతోంది. అన్ని ఎంసీబీలూ దించినా నిలవడం లేదు. ఆర్‌సీసీబీ పాడైందా?

జవాబు: కాకపోవచ్చు. మీరు రాసిన చివరి మాటలోనే జవాబుంది. సింగిల్ పోల్ ఎంసీబీ దించితే ఫేజు మాత్రమే తెగుతుంది, న్యూట్రల్ లోడు దాకా కలిసే ఉంటుంది. ఎక్కడో న్యూట్రల్ తడిసి ఎర్త్‌కు తగులుతుంటే ఎంసీబీలన్నీ దించినా ఆర్‌సీసీబీ పడుతూనే ఉంటుంది.

వెతికే తీరు ఇది. ఇంటి వైపు పూర్తిగా ఆఫ్ చేసి, కరెంటు లేదని టెస్టర్‌తో చూసుకుని, షెడ్డు బాక్సులో ఆర్‌సీసీబీ తర్వాత ఉన్న న్యూట్రల్ లింకు నుంచి వైర్లు ఒక్కొక్కటే విప్పండి. ఏది ఏ సర్క్యూట్‌దో రాసిపెట్టుకోండి. ఎల్‌ఈడీ లైట్లు, చార్జర్లు తీసేసి, విప్పిన ప్రతి న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మెగ్గర్ పెట్టండి. 1 మెగాఓమ్ కన్నా తక్కువ చూపించిన సర్క్యూట్టే మీ దొంగ. వాన పడుతుండగానో, ఆగిన వెంటనేనో కొలవాలి. ఎండాక కొలిస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి.

తొంభై పాళ్లు దొరికేది బయట గోడ మీది లైటు దగ్గరో, జంక్షన్ బాక్సులోనో. బాక్సుకు పైనుంచి రంధ్రం చేసి వైరు దించి ఉంటారు. వైరు కిందినుంచి, గ్లాండులోంచి ఎక్కాలి. ఇంకొక చిక్కు: రెండు ఆర్‌సీసీబీలు ఉన్న బాక్సులో ఒకదాని న్యూట్రల్‌ను రెండోదాని లింకులో బిగించడం. దానికి వానతో పనిలేదు, లోడు వేయగానే పడుతుంది.

30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ 15 దాటాక ఎక్కడైనా తెగొచ్చని గుర్తుంచుకోండి. చిన్న చిన్న లీకేజీలు కలిసి అంత కావడం అరుదేమీ కాదు. అందుకే లైట్లకు ఒకటి, సాకెట్లకు ఒకటి విడిగా పెట్టమంటాం. ఇంటి వైపు కూడా 30 పెడితే ఏది ముందు పడుతుందో తెలియదు. అక్కడ కాస్త ఆలస్యంగా తెగే 100 మిల్లీ ఆంపియర్ల ఎస్ టైపు పెట్టించండి. వేగం మార్చే ఎలక్ట్రానిక్ కంట్రోలున్న మిషన్లుంటే షెడ్డు ఆర్‌సీసీబీ 'A' టైపుది అయ్యుండాలి. టెస్ట్ బటన్ మూడు నెలలకోసారి నొక్కండి.

ప్రశ్న: కంప్రెసర్ ఇంట్లో నడుస్తుంది, షెడ్డులో గుంయ్‌మని ఆగిపోతుంది. వైరు 4 చదరపు మిల్లీమీటర్లు, దూరం 25 మీటర్లే.

జవాబు: లెక్క ప్రకారం మీ దూరానికి 4 సరిపోవాలి. కాబట్టి మధ్యలో ఎక్కడో వదులు జాయింటు ఉండొచ్చు. ఇద్దరు మనుషులు, రెండు మల్టీమీటర్లు తీసుకోండి. షెడ్డులో 2000 వాట్ల హీటరు లాంటి నిలకడైన లోడు వేసి, ఒకరు ఇంటి ఎంసీబీ దగ్గర, ఒకరు షెడ్డు బోర్డు దగ్గర ఒకేసారి వోల్టేజీ చూడండి. 8.7 ఆంపియర్లకు 25 మీటర్ల 4 వైరులో పోవాల్సింది రెండున్నర వోల్టులు. ఎనిమిదో, పదో పోతే ఆ మిగతాదంతా ఒక స్క్రూ కింద వేడిగా మారుతోంది. కరెంటు ఆపి టెర్మినల్స్ ఒక్కోటీ చూడండి. రంగు మారినదీ, ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగినదీ దొరుకుతుంది. పలుతీగల వైరు కొసకు పిన్ లగ్గు వేయకుండా నేరుగా బిగించినచోట ఇది మామూలు.

తేడా ఏమీ లేకపోతే మోటారు కెపాసిటర్, కంప్రెసర్ అన్‌లోడర్ వాల్వు చూడండి. ఆగినప్పుడు 'టుస్స్' మని గాలి వదలకపోతే తల మీద ఒత్తిడి నిలిచి ఉండి మోటారు లేవదు. పొడవాటి ఎక్స్‌టెన్షన్ బోర్డు మధ్యలో ఉంటే ముందు అది తీసి చూడండి. చుట్ట విప్పకుండా వాడే రీలు లోపల వేడికి కరిగిపోతుంది కూడా.

ప్రశ్న: షెడ్డు లోపల బోర్డు, సాకెట్లు ఎలా పెట్టుకోవాలి?

జవాబు: తలుపు తీయగానే చేతికందే చోట, మధ్యలో సామాను అడ్డం లేకుండా, డబుల్ పోల్ ఐసొలేటర్ (షెడ్డు సరఫరా మొత్తం ఆపే స్విచ్చు). దాని తర్వాత 40 ఆంపియర్ల ఆర్‌సీసీబీలు రెండు. లైట్లు, ఫ్యానుకు 6 ఆంపియర్ల ఎంసీబీ, పనిబల్ల సాకెట్లకు 16, రంపానికి విడిగా 16, కంప్రెసర్‌కు సి కర్వ్ 20. 16, 20 ఆంపియర్ల ఎంసీబీల నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, లైట్లకు 1.5. రంపం ట్రిప్ అయినా లైటు ఆరకూడదు. బ్లేడు ఇంకా తిరుగుతుండగా చీకటైతే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు.

సాకెట్లు పనిబల్ల ఎత్తు కన్నా 15 సెంటీమీటర్లు పైన పెట్టండి, చెక్కపొడి, నీళ్లు చేరవు. బాక్సు కనీసం ఐపీ 54 (పొడినీ, నీటి చిందులనూ ఆపే రక్షణ స్థాయి) ఉండాలి. పొడి లోపలికి చేరి వేడి టెర్మినల్ మీద పడితే రాజుకుంటుంది. రంపానికి నో-వోల్ట్ స్టార్టరు తప్పనిసరి అని మా గట్టి అభిప్రాయం. కరెంటు పోయి వచ్చినప్పుడు మిషను తనంతట తాను తిరగకుండా ఆపేది అదే.

ప్రశ్న: ఇందులో నేను చేసుకోగలిగింది ఎంత?

జవాబు: కాలువ, ఇసుక, ఇటుకలు, గోడ మీద పైపులు, బాక్సులు బిగించడం మీ చేత్తో చేసుకోవచ్చు. ఇంటి మెయిన్ బోర్డులో కలపడం, గ్లాండులు, పరీక్షలు లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కు వదలండి. కాలువ ఎలాగూ తెరిచారు కాబట్టి కేబుల్‌కు 300 మిల్లీమీటర్ల ఎడంగా ఒక ఖాళీ పైపు కూడా పరచండి, లోపల నైలాన్ తాడు వదిలి రెండు కొసలూ మూసేయండి. ఇంటర్నెట్ తీగో, సీసీ కెమెరా తీగో తర్వాత లాగాలంటే మళ్లీ తవ్వక్కర్లేదు. కరెంటు కేబుల్‌ను మాత్రం ఆ పైపులో దూర్చకండి.